పక్కింటి తోడుకేక

"గొంతు పోయింది," అన్నాడు తోర్లైవ్.

అన్నాడని మర్యాదకి రాయడమే గాని, ఆ మాట అతని నోట్లోంచి దొంగపిల్లిలా అడుగులో అడుగేసుకుంటూ వచ్చింది. అటు పొయ్యి మీద బంగాళాదుంపలు ఉడుకుతూ మూత దడదడలాడుతోంది. ఆ రెంటి మధ్యా నలిగి, భార్య బోర్గిల్ చెవిని చేరింది సగం మాటే.

"ఏవిటీ, గొంగళి పోయిందా?"

తోర్లైవ్ తల అడ్డంగా ఊపి, మెడ పట్టుకుని చూపించాడు.

"ఆ, మెడదాకా కప్పుకునే ఆ నల్లదే! పొద్దున్నే మేకు బోసిగా ఉంటే ఏవిటా అనుకున్నాను!" అంటూ ఆవిడ కిటికీ బార్లా తీసి, మంచులోకి సగం వంగింది. "గూవై పిన్నీ! మా గొంగళి ఎవరో ఎత్తుకుపోయారు! నీ దుప్పట్లు లోపల పెట్టుకో!"

నిజానికి గొంగళి ఎక్కడికీ పోలేదు. పెరట్లో బీరు కాచే కొట్టంలో, పీపా నడుముకి చుట్టుకుని హాయిగా ఉంది. చుట్టినవాడు తోర్లైవే. ఆ సంగతి చెప్పాలంటే గొంతుండాలి. పోయింది అదే కదా! మధ్యాహ్నానికల్లా ఫియోర్డు అనే సముద్రపాయ ఒడ్డునున్న క్విట్లీ పల్లెలో దొంగ పుట్టాడు, వాడికి మీసాలు మొలిచాయి, ఎడంకాలు కుంటి అని కూడా తేలిపోయింది.

గొంతు పోయిన సంగతి కంటే గొంగళి పోయిన సంగతి ఊరికి తెలియడమే నయమనుకున్నాడు తోర్లైవ్. ఎందుకంటే క్విట్లీలో గొంతు లేనివాడి బీరు, ఉప్పు లేని ఎండుచేప ఒకటే.

క్రిస్మస్‌కి ముందు ప్రతి ఇంటా బీరు కాస్తారు. జూనిపర్ పొద కొమ్మలు మరిగించిన నీళ్లలో మొలకెత్తించిన బార్లీ నానబెట్టి, ఆ తియ్యటి రసం దించి, అప్పుడే పితికిన పాలంత వెచ్చగా అయ్యేదాకా ఆగి, తాతలనాటి తోడు వేస్తారు. మనిషికైనా, పెరుగుకైనా, బీరుకైనా తోడు లేందే గడవదు. ఆ తోడు చలికి ముడుచుకుంటే మళ్లీ లేవదు. అందుకే పీపాకి గొర్రెతోళ్లు, గొంగళ్లు. అయితే వాటన్నిటి కంటే ముందు, తోడు వేసిన మరుక్షణం, కాచినవాడు పీపాలోకి తల దూర్చి, ప్రాణమున్నంత మేర ఒక్క కేక పెట్టాలి. ఆ కేకకి తోడు ఉలిక్కిపడి లేస్తుంది, కన్నేసిన దయ్యాలు పారిపోతాయి, ఊరికి కబురూ అందుతుంది. విన్నవాళ్లు ఎవరి గుమ్మంలోంచి వాళ్లు "ఓహో!" అని బదులు కేక వేస్తారు. ఆ మర్నాటి మర్నాడు గిన్నెలు పట్టుకుని రుచికి దిగుతారు. ఈలోగా మాత్రం ఆ ఇంటి గడప ఎవరూ తొక్కరు, తలుపు తీస్తే పీపాకి చలి తగులుతుందని. పిలుపులుండవు. కేకే పిలుపు.

ఎవరి బీరు బాగుంటే చెక్కబాతు ఆ ఏడంతా వాళ్లింట్లో ఉంటుంది. అరచేతిలో పట్టేంత బాతు, వీపు దొప్పలా తొలిచి ఉంటుంది. పెద్ద గిన్నెలో బీరు మీద ఈదుతుంటే దాన్నే పట్టుకుని ముంచుకు తాగుతారు. తోర్లైవ్ తండ్రి కాలం నుంచీ అది వాళ్లింటి అటక మీదే గుడ్లు పెట్టకుండా కూర్చుంది. వచ్చినవాళ్లకి దాన్ని చూపిస్తూ తోర్లైవ్ ఎంత బాతాఖానీ కొట్టేవాడో చెప్పలేం.

ఆ పొద్దున తోడు వేసి, పీపాలోకి తల పెట్టి, ఇంటికప్పు మీది మంచు జారేలా కేక పెట్టబోయాడా, "కీచ్" మంది. వారంరోజుల జలుబు ఆ సమయం కోసమే కాచుకుని కూర్చున్నట్టుంది. మూలనున్న ఎలుక కూడా తలెత్తలేదు. తనవాళ్లెవరో పలకరించారనుకుని ఉంటుంది.

గొంగళి గొడవ వంటింట్లో భార్యకి వదిలేసి తోర్లైవ్ మళ్లీ కొట్టంలోకి వెళ్లాడు. వేడిపాలు తాగాడు, ఛాతీ రుద్దుకున్నాడు. ఇంకోసారి ప్రయత్నిద్దామని పీపా మూత తీశాడు.

అప్పుడు వినబడింది కేక.

తెరిచి ఉన్న కిటికీలోంచి వచ్చి, పీపాలో దూకి, గిర్రున తిరిగి, తోర్లైవ్ గుండెల్లో కూర్చుంది. పక్కింటి హెన్నింగ్ కేక! గొడ్లకొట్టం వైపు నుంచి. కడుపులో పేగులన్నీ కలిపి ఊదిన బూరలా ఉంది. తోర్లైవ్ జన్మలో అంత కేక పెట్టలేదు. వాళ్ల నాన్న కూడా, కొంచెం మొహమాటపడకుండా చెప్పుకోవాలంటే, పెట్టలేదు.

"ఓహో!" అంది ఊరంతా. చర్చి పక్కనుంచి మోన్స్ తాత, పడవల రేవు నుంచి జాలర్లు, గూవై పిన్ని, వంటింటి కిటికీలోంచి స్వయానా తన పెళ్లాం, "ఓహోహో!"

మళ్లీ కేక. ఈసారి ఇంకా పొడుగ్గా, చివర మెలిక తిరిగి. మళ్లీ ఊరు "ఓహో!" మళ్లీ కేక.

మూడు కేకలంటే మూడు పీపాలా! తోర్లైవ్ చెవులు మూసుకున్నాడు. బదులు కేక వేయకపోవడం ఊరి మర్యాద కాదు. అతను లేచి కిటికీ రెక్క ధడాలున మూసి గడియ పెట్టాడు.

హెన్నింగ్ బెర్గెన్ పట్నంవాడు. దర్జీ కొడుకు. పక్కింటి ఓస్‌హిల్‌ని చేసుకుని ఇల్లరికం వచ్చి రెండు చలికాలాలైనా కాలేదు. బీరుకీ అతనికీ ఉన్నది బీరకాయపీచు సంబంధమైనా కాదు, బీరుకాయపీచు సంబంధం. వచ్చిన కొత్తలో గొర్రెతోలు ఎటువైపు లోపలికి చుట్టాలో తోర్లైవ్‌ని అడిగి నేర్చుకున్నాడు. అలాంటివాడు పోయినేడు కాచిన బీరుని మోన్స్ తాత రెండుసార్లు ముంచుకు తాగాడు. తోర్లైవ్ బీరునీ రెండుసార్లే తాగాడు. సమానమైతే బాతు ఉన్నచోటే ఉంటుంది గాని, అప్పటినుంచీ తోర్లైవ్‌కి ఆ "రెండుసార్లే" చెప్పులో రాయిలా ఉంది.

బోర్గిల్ పరుగున వచ్చింది. "విన్నావా? కేకంటే కేక! ఆ అల్లుడి ఊపిరితిత్తులు దర్జీవి కావు, కమ్మరి తిత్తులు!" అని, అప్పుడు పీపా చూసింది. "అరె, గొంగళి ఇక్కడుందేం? మరి పోయిందేవిటి?"

తోర్లైవ్ ఆవిడ చెవికి నోరానించి జరిగింది చెప్పాడు. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత అతని ముఖం చూసి మానేసింది.

"ఒట్టెయ్యి," అని గుసగుసలాడాడు. "కేక పడని పీపా అని తెలిస్తే ఒక్కడూ ముట్టుకోడు. బాతు పోతుంది."

"మరి గొంగళి దొంగ?"

"ఉండనీ."

"ఊళ్లో నలుగురు మగాళ్లు కర్రలు పట్టుకుని తిరుగుతున్నారయ్యా!"

"తిరగనీ. ఒళ్లు వెచ్చబడుతుంది."

అలా మొదలైంది కాపలా. ఫియోర్డు అంచులు గడ్డకట్టే చలి. తోర్లైవ్ అస్తమానం మణికట్టు పీపాకి ఆనించి చూసుకునేవాడు, చెవి ఆనించి వినేవాడు. లోపల గుసగుసైనా లేదు. పెట్టని కేకకి లేవని తోడు! కడుపుమంటతోనే పీపా వెచ్చబెట్టే వీలుంటే క్విట్లీలో ఆ ఏడు కట్టెలు మిగిలిపోయేవి. వీలు లేదు కాబట్టి కొట్టంలో పొయ్యి రాజేసి, కిటికీ మంచు గోకి, ఆ చిన్న కన్నంలోంచి పక్కింటిని చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున ఓస్‌హిల్ బయటికొచ్చింది. అటూ ఇటూ చూసి, అటక మెట్లెక్కి, రెండు ఉన్ని కంబళ్లు కోటు కింద దాచుకుని ఇంట్లోకి దూరింది. 'దాస్తోందంటే మామూలు విషయం కాదు,' అనుకున్నాడు తోర్లైవ్. 'పీపాని గొడ్లకొట్టంలోంచి ఇంట్లోకి మార్చేశారు!' వెంటనే వెళ్లి తన మంచం మీది కంబళ్లు రెండూ తెచ్చి పీపాకి చుట్టాడు.

కాసేపటికి ఓస్‌హిల్ వేపిన తవుడు సంచి, పొగలు కక్కుతున్నది, రెండు చేతులా పట్టుకుని వెళ్లింది. తవుడు వేడి! ఎంత తెలివి! తోర్లైవ్ రాళ్లు కాల్చి, గోనెలో చుట్టి, పీపా అడుగున పేర్చాడు.

ఆ తర్వాత చూసింది మాత్రం అతని కళ్లలో కారం కొట్టింది. హెన్నింగ్ కిటికీ అవతల గెంతుతున్నాడు. ఒంటికాలి మీద, చేతులు గాల్లో ఊపుతూ, ఈ గోడ నుంచి ఆ గోడకి. నాట్యం! రుచి చూడకముందే సంబరం!

"ఈకల పరుపు," అన్నాడు తోర్లైవ్ భార్యతో.

"ఏ పరుపు?"

"మనదే."

"పెళ్లి పరుపా! అయ్యా, పెళ్లయిన రాత్రి కూడా నువ్వు నన్నింత పొందిగ్గా కప్పలేదు. నా పాదాలు తెల్లారేదాకా బయటే ఉన్నాయి. ఆ పీపాని పెళ్లాడాల్సింది!"

"పీపా ఎదురు మాట్లాడదు."

"మాట్లాడదు గాబట్టే గొంతు పోయినవాడికి సరిజోడు!"

అన్నా పరుపు ఇచ్చింది. పరుపు తర్వాత ఆవిడ పుట్టింటి నేతదుప్పటి, ఎర్రగీతలది, పెళ్లికూతురిగా పడవెక్కినప్పుడు ఒళ్లో వేసుకున్నది, అదీ వెళ్లింది. బీరువాలో ఉన్నవన్నీ బీరుకే అయిపోయాయి. బీరువాలో మిగిలింది 'వా' ఒక్కటే. ఆ రాత్రి మొగుడూ పెళ్లాలు కోట్లు తొడుక్కుని పడుకున్నారు.

పడుకోబోయే ముందు, ఆ సాయంత్రమే, తోర్లైవ్ ఉండబట్టలేక భార్యని కూపీ లాగమని పక్కింటి కంచె దాకా పంపాడు. గడప తొక్కకూడదు కాబట్టి బోర్గిల్ కంచె దగ్గరే నిలబడి పిలిచింది.

"ఎలా ఉందమ్మాయ్?"

ఓస్‌హిల్ గుమ్మంలోకి వచ్చింది. కళ్లు ఎర్రగా, జుట్టు రేగిపోయి ఉంది. "ఎలా ఉంటుంది పిన్నీ? పొంగిపోయింది. చెయ్యి పెడితే చుర్రుమంటోంది. రాత్రంతా పక్కనే కూచున్నాను."

"పొంగితే మంచిదేగా! వెచ్చగా ఉంచు."

"మంచిదా?" ఓస్‌హిల్ తలుపు పట్టుకుని అడిగింది. "ఊరంతా కేకలు విన్నారుగా? ఒక్కరైనా వచ్చారా?"

"తొందరెందుకే పిచ్చిపిల్లా, రేపొస్తాంగా! గిన్నెలు కూడా కడిగి పెట్టుకున్నాం!"

ఓస్‌హిల్ ఆవిడని పైనించి కిందికి చూసి, తలుపు ఊరు అదిరేలా వేసేసింది.

"అప్పుడే పొగరెక్కింది," అని ఇంటికొచ్చి చెప్పింది బోర్గిల్. "బాతు ఇంకా మన అటక మీదుండగానే!"

రుచి రోజు వచ్చింది. తోర్లైవ్ ముందుగా తన పీపా విప్పాడు. నేతదుప్పటి, పరుపు, కంబళ్లు, గొంగళి, గొర్రెతోళ్లు. చలికాలంలో చంటిపిల్లాడి చొక్కాలు విప్పినట్టే ఉంది, లోపల పిల్లాడున్నాడా లేడా అన్న అనుమానంతో సహా. పొంగిన నురగ మూత తోసుకొచ్చి ఎర్రగీతల దుప్పటిని తడిపేసింది. బిరడా సడలించి, వేలంత ధార గిన్నెలోకి పట్టి, నాలిక మీద పోసుకున్నాడు. నారింజతొక్క వాసన, పొగ వాసన, జూనిపర్ చేదు, అన్నీ ఎక్కడుండాలో అక్కడున్నాయి. జీవితంలో అంత మంచి బీరు కాచలేదు.

తాగడానికి మాత్రం ఎవరూ లేరు. గిన్నెలు పట్టుకున్న ఊరు అతని కంచె పక్కనుంచే నవ్వుకుంటూ, మంచు తొక్కుకుంటూ హెన్నింగ్ ఇంటికి పోతోంది. మోన్స్ తాత కంచె మీదుగా చెయ్యూపాడు. "ఏం తోర్లైవ్, ఈ ఏడు నీ కేకే లేదు, నాగా పెట్టావేవిటి? రా, పట్నం అల్లుడిది రుచి చూద్దాం. బాతు తేవడం మర్చిపోకు!"

బాతుని తీసుకెళ్లడం పోయినేడు గెలిచినవాడి వంతు. తోర్లైవ్ దాన్ని కోటు జేబులో పెట్టుకుని, శవం వెనక నడిచినట్టు నడిచాడు. బోర్గిల్ తడిసిన దుప్పటి చుట్టచుట్టి చంకన పెట్టుకుని వెంట వచ్చింది. ఆరేసుకోవడానికి ఇంట్లో నులివెచ్చటి చోటు లేదు, కట్టెలూ నిప్పులూ పీపా కొట్టానికే పోయాయి.

హెన్నింగ్ ఇంట్లో అందరూ గుమ్మం దాటి ఆగిపోయారు. నడిమింట్లో పీపా లేదు. కుర్చీలో హెన్నింగ్ ఉన్నాడు. అతని ఎడమ పాదం వేడినీళ్ల బకెట్లో ఉంది. మోకాలి మీద కంబళ్లు, పక్కన తవుడు సంచి.

"వచ్చారా?" అన్నాడు హెన్నింగ్ నీరసంగా. "ఇప్పటికైనా!"

"బీరేదోయ్?" అన్నాడు మోన్స్ తాత.

"బీరా? బీరేవిటి తాతా? చలికి పీపాని గొడ్లమధ్య పెడితే వెచ్చగా ఉంటుందని పెట్టాను. తోడు గిన్నె పట్టుకుని పోతుంటే ఆవు నా కాలు తొక్కింది. తొక్కి ఊరుకుందా? అక్కడే నిలబడి ఆవులించింది! నేను గోడకీ దానికీ మధ్య ఇరుక్కుపోయాను. ఓస్‌హిల్ రేవుకి పోయింది. 'బాబోయ్, రండి!' అని అరిచాను."

గిన్నెలు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

"మీరేమో 'ఓహో!' అన్నారు. వినబడలేదేమోనని ఇంకా గట్టిగా అరిచాను. ఇంకా గట్టిగా 'ఓహో!' అన్నారు. మూడోసారి అరిస్తే రేవులో చప్పట్లు కొట్టారు! చేతిలోని తోడంతా ఆవు నాకేసి, తీరిగ్గా కాలు తీసింది."

"అది తోడుకేక కాదూ?" అంది గూవై పిన్ని.

"తోడు కోసం కేకే పిన్నీ! మనుషుల తోడు!"

తోర్లైవ్ ముందుకొచ్చాడు. గొంతు కాస్త పెగిలింది, తుప్పుపట్టిన గడియలా. "మరి... కోటు కింద దాచిన కంబళ్లు?"

"కాలికి," అంది ఓస్‌హిల్. "ఊళ్లో కంబళ్ల దొంగ తిరుగుతున్నాడన్నారుగా, అందుకే దాచాను."

"తవుడు?"

"కాలికి."

"కిటికీలో నాట్యం?"

"నీళ్లగదికి దారది బాబాయ్!" అన్నాడు హెన్నింగ్. "ఒంటికాలి మీద ఇంకెలా పోను?"

మోన్స్ తాత నవ్వడం మొదలెట్టాడు. ఒకరి వెనక ఒకరు అందరూ నవ్వారు. సిగ్గుపడాల్సినప్పుడు క్విట్లీ జనం చేసే పని అదే. తోర్లైవ్‌కి మాత్రం నవ్వుకంటే ముందు ప్రాణం లేచొచ్చింది. బీరు లేదు! బాతు జేబులో వెచ్చగా కదిలినట్టనిపించింది.

"కానీ ఒక్క సంగతి," అన్నాడు హెన్నింగ్. నవ్వులు ఆగాయి. "నేను ఇరుక్కుని ఉన్నంతసేపూ ప్రతి ఇంటినుంచీ 'ఓహో' లెక్కపెట్టుకున్నాను. ఒకే ఒక్క గొంతు తగ్గింది. బాబాయ్, నీది. కిటికీ చప్పుడు మాత్రం వినబడింది. హమ్మయ్య, ఒక్కడికైనా అర్థమైంది, బూట్లు తొడుక్కుని వస్తున్నాడనుకున్నాను. ఆ ఆశతోనే మూడో కేక తర్వాత అరవడం మానేశాను. నువ్వొస్తావని."

అందరూ తోర్లైవ్ వైపు తిరిగారు.

బోర్గిల్ అడ్డుపడింది. "అయ్యో, ఆయనకి గొంతు పోయిందయ్యా! ఆ పొద్దునే! పలుకుదామన్నా పలకలేకపోయాడు!"

మంచి సాకు. ఊరు ఒప్పుకునే సాకు. అప్పుడే కొందరు తలలూపారు కూడా. తోర్లైవ్ జేబులో బాతుని పట్టుకుని, ఆ సాకు మీదెక్కి ఇంటికి పోవచ్చు. బకెట్లో పాదం చూశాడు. వంకాయలా వాచి, వంకాయ రంగులోనే ఉంది.

"కాదు," అన్నాడు. "గొంతున్నా పలికేవాణ్ణి కాదు. నా కేక కంటే నీ కేక పెద్దదని కుళ్లుకున్నాను. కిటికీ వేసింది చలికి కాదు, ఓర్వలేక. బూట్లు తొడుక్కోలేదు అల్లుడూ. లేచి, కిటికీ వేసి, కూచున్నాను."

ఓస్‌హిల్ ముఖం పక్కకి తిప్పుకుంది. తోర్లైవ్ జేబులోంచి బాతుని తీసి, ఎక్కడ పెట్టాలో తోచక, వంగి బకెట్లో వదిలాడు. అది హెన్నింగ్ మడమ చుట్టూ ఓ చుట్టు తిరిగి, బొటనవేలిని ముక్కుతో పొడిచింది.

హెన్నింగ్ దాన్ని చూశాడు. "నీ పీపా ఏమైంది బాబాయ్? కేక పడకుండా పొంగిందా?"

"పొంగింది. అద్భుతంగా ఉంది. ఎందుకో తెలీదు."

"కిటికీ వేసింది నా కేకలయ్యాకే కదా. అప్పటిదాకా పీపా మూత వేసుందా, తీసుందా?"

"మొదటిది వచ్చినప్పుడు పీపా మూత తీసే ఉంది. కేక అందులోనే పడింది. గిర్రున తిరిగింది."

"అదీ సంగతి!" అని కుర్చీలో నిటారుగా కూచున్నాడు హెన్నింగ్. "నీ తోడుని లేపింది నా కేక! పీపా నీది, కేక నాది. బాతులో సగం నాకు రావాలి!"

మోన్స్ తాత గడ్డం గోక్కున్నాడు. క్విట్లీలో అలాంటి తగవు అంతకుముందు రాలేదు. అయినా అందులో తప్పెక్కడుందో ఎవరికీ కనబడలేదు. "రుచిలో నెగ్గితే వేసవిదాకా పీపావాడింట్లో, ఆపైన కేకవాడింట్లో," అని తీర్పు చెప్పాడు.

"తోడు కూడా నేనే ఇస్తాను," అన్నాడు తోర్లైవ్. "నీది ఆవు పాలైందిగా. కాలు తగ్గేదాకా గొడ్లకొట్టం పని కూడా నాదే. అరవక్కర్లేదు. కిటికీ తీసే ఉంచుతాను."

ఓస్‌హిల్ అప్పుడు ముఖం ఇటు తిప్పింది. "చూద్దాం," అంది, గిన్నె చేతిలోకి తీసుకుంటూ.

అందరూ బయల్దేరబోతుండగా మోన్స్ తాత ఒక్కసారి ఆగి, కర్రతో హెన్నింగ్ బకెట్ వైపు చూపించాడు. "ఉండండుండండి! గొంగళి దొంగకి ఎడంకాలు కుంటి అన్నారు. ఇదేవిటి మరి? ఇన్ని కంబళ్లేవిటి?"

బోర్గిల్ నిట్టూర్చి, చంకలోని తడి దుప్పటిని పొయ్యి పక్కన ఆరేసి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"దొంగా లేదు, దోపిడీ లేదు తాతా. ఈయన 'గొంతు పోయింది' అన్నాడు. దుంపల మోతలో నాకు 'గొంగళి పోయింది' అని వినబడింది. గొంగళి మా పీపాకి చుట్టుకుని ఉంది. దానిమీద మా కంబళ్లు, పరుపు, ఇదిగో ఈ పుట్టింటి దుప్పటి, అన్నీ ఉన్నాయి. మా బీరు తాగేవాళ్లంతా తలా ఒకటి మోసుకెళ్లి మా మంచం మీద పరిచి, అప్పుడు గిన్నెలు పట్టండి. నిన్న రాత్రంతా కోటుతో పడుకున్నాను."